కీళ్ల వాపుతో వచ్చినవారికి మూత్ర పరీక్ష ఎందుకు?



మన ఓ.పి.లో దాదాపు రోజూ జరిగే సంగతి ఇది. మోకాళ్లు, చీలమండలు వాచి, కొడుకు భుజమో కోడలి చేయో పట్టుకుని ఒకరు లోపలికి వస్తారు. మేము బి.పి. చూసి, చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, "మూత్రం పట్టి తీసుకురండి" అంటాము. అంతే, ముఖం మారిపోతుంది. "నొప్పి కాళ్లల్ల ఉంటే మూత్రమెందుకు సిస్టరమ్మా? ఒక సూది ఎయ్యుండ్రి, పోత" అంటారు. ఊరికే పరీక్షలు రాస్తారని బయట బెంచీ మీద గొణిగేవారూ ఉన్నారు. అది మాకు వినపడుతూనే ఉంటుంది. ప్రశ్న న్యాయమైనదే. ఈసారి దానికే జవాబు రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. కీళ్ల నొప్పులతో వచ్చేవారిలో ఎక్కువమందికి ఉండేది కీళ్ల అరుగుదల, యూరిక్ యాసిడ్, వైరల్ జ్వరం తరువాతి నొప్పులు, లేదా రుమటాయిడ్ కీళ్లవాతం. మేము చెప్పబోయే జబ్బు వీటితో పోలిస్తే చాలా అరుదు. ఇది చదివి రాత్రంతా నిద్ర మానుకోవలసిన పని లేదు. కాని ఆ అరుదైన జబ్బు చాలామందిలో మొదట కీళ్ల నొప్పిగానే బయటపడుతుంది. ఆ తరువాత కిడ్నీల మీద, ఊపిరితిత్తుల మీద, నరాల మీద పడుతుంది. దాని పేరు వాస్కులైటిస్. అంటే రక్తనాళాల వాపు.

మేము పొరబడిన సంగతి

కొన్ని సంవత్సరాల క్రితం నాచారం వైపు నుండి నలభై దాటిన ఒక తల్లి మా వద్దకు వచ్చారు. ఆమె ఎవరో తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చి రాస్తున్నాము. కుడి చీలమండ వాచింది. రెండు రోజులకు అది తగ్గి ఎడమ మణికట్టు వాచింది. తరువాత మోకాలు. కొద్దిగా జ్వరం, నీరసం. 2005 చివరిలో మొదలై 2006లో చికున్‌గున్యా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటా మనుషులను ఎట్లా వంగదీసిందో చూసినవాళ్లం కాబట్టి, జ్వరం, కీళ్లు కలిసి వస్తే మా మనసు ముందు అటే పోతుంది. నొప్పి సూది వేసి, బిళ్లలు ఇచ్చి పంపినాము.

పది రోజులకు మళ్లీ వచ్చారు. రక్త పరీక్షలో ఆర్.ఏ. ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చింది. కాగితం మీద "కీళ్లవాతం" అని పడింది. మళ్లీ నొప్పి బిళ్లలు. ముక్కులో ఎప్పుడూ చెక్కులు కట్టి, చీదితే రక్తం వస్తున్నదని ఆమె ఆయాతో చెప్పుకున్నారట. మాకు చెప్పలేదు. మేము అడగలేదు కూడా.

మూడోసారి వచ్చినప్పుడు నర్సింగ్ విద్యార్థిని ఒక అమ్మాయి బి.పి. చూసింది. 170/100. "ఇంతకుముందు ఈమెకు బి.పి. ఉన్నట్టు ఎక్కడా రాసి లేదే" అని తనంతట తానే మూత్రంలో స్ట్రిప్ ముంచింది. రక్తం మూడు ప్లస్సులు, ప్రోటీన్ రెండు ప్లస్సులు. ఆ సాయంత్రం క్రియాటినిన్ చూస్తే 4 దాటి ఉంది. ఆమెకు ఒంట్లో నొప్పి ఎక్కడంటే కీళ్లలోనే. కిడ్నీలు పాడవుతున్న సంగతి ఆమెకు తెలియలేదు, మాకూ తెలియలేదు.

పంజాగుట్ట నిమ్స్‌కు పంపినాము. అక్కడ కిడ్నీ నుండి చిన్న ముక్క తీసి పరీక్ష చేసి వాస్కులైటిస్ అని తేల్చినారు. కొన్ని డయాలసిస్‌లు పట్టినాయి. తరువాత డయాలసిస్ ఆగింది. ఇప్పుడు ఆమె తన కాళ్ల మీద తాను నడిచి వస్తారు, కాని క్రియాటినిన్ పూర్తిగా మామూలుకు రాలేదు. మొదటి రోజే ఆ స్ట్రిప్ పెట్టి ఉంటే కిడ్నీ ఇంకెంత మిగిలేదో లెక్క చెప్పడం ఎవరివల్లా కాదు. అప్పటి నుండి వాచిన కీలుతో ఎవరు వచ్చినా డబ్బా చేతికిస్తున్నాము.

రక్తనాళం వాస్తే ఏమవుతుంది?

మన శరీరంలో రోగాలతో పోరాడే బలగం ఒకటి ఉంది. ఒక్కోసారి అది దారి తప్పి, సొంత రక్తనాళాల గోడల మీదే పడుతుంది. గోడ వాస్తుంది. లోపలి దారి ఇరుకవుతుంది, లేదా గోడ పలచబడి రక్తం బయటికి చిమ్ముతుంది. ఆ నాళం ఏ అవయవానికి రక్తం తీసుకుపోతున్నదో ఆ అవయవం దెబ్బ తింటుంది. చర్మంలో ఐతే ఎర్రటి మచ్చలు. నరానికి పోయే నాళమైతే తిమ్మిరి, పాదం వాలిపోవడం. ఊపిరితిత్తిలో ఐతే దగ్గులో రక్తం.

కీళ్ల లోపల పలచటి పొర ఉంటుంది. దాని నిండా సన్నటి రక్తనాళాలే. అందుకే ఆ పొర తొందరగా ఉబ్బి నొప్పి పెడుతుంది. కిడ్నీలో కూడా అంతే. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెడలు ఉంటాయి, ఒక్కో జల్లెడ సన్నటి రక్తనాళాల ముద్ద. తేడా ఏమిటంటే కీలు మొదటి రోజే కేకలు పెడుతుంది, కిడ్నీ నొప్పి తెలియనివ్వదు. రక్తంలో చూసే క్రియాటినిన్ కూడా కిడ్నీ పని దాదాపు సగం పోయేవరకు పెద్దగా పెరగకపోవచ్చు. కాని జల్లెడ చిల్లు పడిన తొలి రోజుల్లోనే రక్తం, ప్రోటీన్ మూత్రంలోకి దిగుతాయి. అవి కంటికి కనపడవు. స్ట్రిప్‌కు, మైక్రోస్కోపుకు కనపడతాయి. కాళ్ల నొప్పికి మూత్రం అడగడంలో ఉన్న అర్థం ఇంతే.

ఈ జబ్బులో వచ్చే కీళ్ల నొప్పికి ఇంకో గుణం ఉంది. అది తరచుగా ఒక కీలు నుండి మరో కీలుకు మారుతుంది. రుమటాయిడ్‌లో వలె ఎముక తినేసి వేళ్లు వంకర చేయడం సాధారణంగా ఉండదు. ఎక్స్‌రే బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు వాపు దానంతట అదే తగ్గవచ్చు కూడా. దానితో మనిషి "నయమైంది" అనుకుని తిరగడం మానేస్తారు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ సంగతి చెప్పినాము గదా, వాస్కులైటిస్‌లోని ఒక ముఖ్యమైన రకంలో దాదాపు సగం మందికి అది పాజిటివ్ వస్తుంది. కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి రుమటాయిడ్ అని ముద్ర వేసుకోకూడదు. లూపస్ అనే జబ్బు కూడా, ముఖ్యంగా యువతులలో, ఇట్లాగే కీళ్లతో మొదలై కిడ్నీలకు పోతుంది. దానినీ పట్టించేది ఈ మూత్ర పరీక్షే.

మాకు చెప్పవలసిన సంగతులు

కీళ్ల వాపుతో పాటు వారాల తరబడి జ్వరం, బరువు తగ్గడం ఉంటే చెప్పండి. ముక్కులో చెక్కులు, రక్తం, ఎంతకూ తగ్గని సైనస్, చెవి మూసుకుపోయినట్టు ఉండటం ఇవన్నీ కీళ్లకు సంబంధం లేనివని మీరే తేల్చుకోవద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం, కాళ్ల మీద చేతికి తగిలే ఎర్రటి మచ్చలు, నురుగు కట్టే మూత్రం, టీ డికాక్షన్ రంగులో వచ్చే మూత్రం కూడా చెప్పవలసినవే. దగ్గులో రక్తం పడినా, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా, పాదం వాలిపోయినా ఓ.పి. రోజు కోసం ఆగవద్దు. అదే రోజు ఎమర్జెన్సీకి రండి.

పాదం వాలిపోవడం గురించి రెండు మాటలు. చెప్పు జారిపోయినా తెలియడం లేదని ఎవరైనా అంటే మా తరం నర్సులకు ముందు తట్టేది కుష్ఠు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన ఆసుపత్రి పేరు వింటూ పెరిగిన మిషన్ ఆసుపత్రుల వాళ్లం మరి. అట్లా తట్టడం తప్పు కాదు. కుష్ఠులో వచ్చే ఒక రకం రియాక్షన్‌లో కూడా కీళ్లు వాస్తాయి, జ్వరం వస్తుంది, చర్మం మీద గడ్డలు లేస్తాయి. కాని కుష్ఠులో నరం సాధారణంగా నెమ్మదిగా దెబ్బ తింటుంది. వాస్కులైటిస్‌లో ఒక్కోసారి రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లవారి పాదం లేపలేరు.

టీబీ విషయం కూడా ఇటువంటిదే. మన దేశంలో దగ్గులో రక్తం పడి, ఎక్స్‌రేలో మచ్చ కనపడితే ముందు టీబీ కోసం వెతకడం సరైన పని. ఐతే కఫంలో టీబీ క్రిములు దొరకక, మందులు నెలల తరబడి వాడినా తగ్గక, పైగా కీళ్లు వాస్తూ, ముక్కులో రక్తం వస్తూ ఉంటే డాక్టరుగారితో ఈ సంగతులన్నీ ఒకేచోట చెప్పండి. టీబీ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

పిల్లలలో వచ్చే రకం

పిల్లలలో ఎక్కువగా చూసే రక్తనాళాల వాపు ఒకటి ఉంది. చాలాసార్లు జలుబు, గొంతు నొప్పి వచ్చి తగ్గిన ఒకటి రెండు వారాలకు మొదలవుతుంది. జర్మనీ వైద్యుడు షోన్‌లైన్ 1837లోనే ఈ మచ్చలకు, కీళ్ల నొప్పికి సంబంధం ఉన్నదని రాసినాడు. తరువాత హెనాక్ అనే పిల్లల వైద్యుడు కడుపు నొప్పి, కిడ్నీ సంగతి చేర్చినాడు. అందుకే పాత పుస్తకాలలో దీనికి వారిద్దరి పేర్లు ఉంటాయి. ఇప్పుడు ఐజీఏ వాస్కులైటిస్ అంటున్నారు.

ఏడేళ్ల బాబును ఒక తల్లి ఎత్తుకుని వచ్చింది. రెండు మోకాళ్లు వాచి ఉన్నాయి. బడిలో పడ్డాడేమో అని ఆమె, క్రికెట్టే కారణమని నాన్నమ్మ. నిక్కరు విప్పి చూస్తే పిరుదుల మీద, తొడల వెనుక ఎర్రటి చుక్కలు. గాజు గ్లాసుతో నొక్కి చూసినాము, రంగు పోలేదు. ఇంట్లో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఏడేళ్లు వచ్చినాయని వాడు స్నానం తానే చేస్తున్నాడు. ఈ జబ్బు వచ్చిన పిల్లలలో నలుగురిలో ముగ్గురి దాకా కీళ్ల నొప్పి ఉంటుంది. ఐదారుగురిలో ఒకరికి మచ్చల కంటే ముందే కీళ్లు వాస్తాయి. అటువంటప్పుడు దెబ్బ తగిలిందని నూనె రాసి కట్టు కడతారు.

మంచి సంగతి ఏమిటంటే ఎక్కువమంది పిల్లలకు ఇది కొన్ని వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది, కీలు ఏమీ పాడుకాదు. ఐనా మేము ఆ తల్లిని ఆరు నెలల పాటు మూత్ర పరీక్షకు రమ్మన్నాము. కిడ్నీ దెబ్బ మచ్చలు పోయిన తరువాత కూడా బయటపడవచ్చు. మొదటి నెల వారం వారం, తరువాత డాక్టరు చెప్పినట్టు. పిల్లవాడు గంతులేస్తుంటే ఆసుపత్రికి తీసుకురావడానికి ఎవరికీ మనసొప్పదు. ఆమె వచ్చింది. వీడికి ఏమీ రాలేదు. కడుపు నొప్పితో మెలికలు తిరిగినా, మలంలో రక్తం పడినా మాత్రం అదే గంటలో తీసుకురావాలి.

రెండు చేతుల బి.పి.

ఇంకో రకంలో సన్న నాళాలు కాదు, గుండె నుండి వచ్చే పెద్ద నాళాలే వాస్తాయి. జపాన్ కంటి వైద్యుడు తకయాసు 1908లో ఇటువంటి ఒక యువతి కంటిలో మార్పులను వివరించినందుకు ఆయన పేరు పెట్టినారు. మన ఆసియా దేశాలలో, అందులోనూ నలభై లోపు స్త్రీలలో ఇది ఎక్కువ. మొదట్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, కీళ్ల నొప్పులు, బరువు తగ్గడం తప్ప ఏమీ ఉండవు. తరువాత చేయి పైకెత్తి బట్టలు ఆరేస్తుంటే గుంజుడు, తల తిరుగుడు మొదలవుతాయి. ఒకసారి ఒక అమ్మాయి ఎడమ చేతికి కఫ్ కడితే మిషన్ "ఎర్రర్" చూపింది. మిషన్ పాడైందని మార్చినాము. రెండోదీ అదే మాట. అప్పుడు గాని మాలో ఎవరికీ నాడి పట్టి చూడాలని తోచలేదు. ఎడమ చేతి నాడి అందలేదు. అందుకే కొత్తగా వచ్చినవారికి రెండు చేతులకూ బి.పి. చూస్తాము. మీ రెండు చేతుల అంకెల మధ్య 10 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ కాగితం జాగ్రత్త చేసుకుని డాక్టరుకు చూపండి.

ఎందుకు వస్తుంది?

చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేరు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తినవచ్చు, పిల్లలను ఎత్తుకోవచ్చు. కొందరిలో హెపటైటిస్ బి ఉంటుంది, అందుకే ఆ పరీక్ష చేస్తారు. థైరాయిడ్‌కు వాడే ప్రొపైల్‌థయోయురాసిల్ వంటి కొన్ని మందుల వల్ల కొద్దిమందికి రావచ్చు. రాయి కోత, గ్రైండింగ్, ఫౌండ్రీ పనులలో పీల్చే సిలికా దుమ్ముకూ ఇందులోని కొన్ని రకాలకూ సంబంధం ఉన్నట్టు పరిశోధనలలో తేలింది. మన చుట్టుపక్కల పారిశ్రామిక వాడలలో, ఇళ్ల నిర్మాణంలో టైల్సు, గ్రానైటు కోసే అన్నదమ్ములు ఎందరో ఉన్నారు. వారు ముక్కుకు తుండు కట్టుకుంటే సరిపోదు. కోసేటప్పుడు నీళ్లు పోయాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఏ పని చేస్తారో చెప్పాలి.

2022లో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని స్వయంగా ప్రకటించినప్పుడు "ఇదీ అదేనా సిస్టర్?" అని చాలామంది అడిగినారు. కాదు. అది కండరాల వాపు, ఇది రక్తనాళాల వాపు. శరీరం తన మీద తానే తిరగబడటం మాత్రం రెండింటిలోనూ ఉంది.

పరీక్షలు, మందులు

మూత్రం, బి.పి., క్రియాటినిన్, ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. ఇవి మన దగ్గరే చూస్తాము. అనుమానం ఉంటే ఆన్కా అనే రక్త పరీక్ష రాస్తారు. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, నెగటివ్ వస్తే లేనట్టూ కాదు. చాలాసార్లు కిడ్నీ నుండో చర్మం నుండో బయాప్సీ తీస్తేనే రూఢి అవుతుంది. బయాప్సీ అంటే జబ్బు "కదులుతుంది" అనే భయం మన వాళ్లలో చాలా ఉంది. దానికి ఆధారం లేదు. నిమ్స్‌లో కీళ్లు, రక్తనాళాల జబ్బులు చూసే రుమటాలజీ విభాగం ఉంది. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగవచ్చు. వాచిన కాళ్లతో బస్సులో నిలబడే బాధ తప్పుతుంది.

ఫైళ్లలో పేర్లు చూసి తికమకపడేవారి కోసం ఒక మాట. పాత ఫైలులో "వెజినర్స్" అనీ, కొత్తదానిలో "జి.పి.ఎ." అనీ ఉంటే రెండు జబ్బులు కావు. 2011లో పేరు మార్చినారు. నాజీ పార్టీతో సంబంధం ఉన్న వైద్యుని పేరు జబ్బుకు ఉండకూడదనేది ఆ మార్పు వెనుక ఉన్న కారణాలలో ఒకటి.

ఈ జి.పి.ఎ. ఒకప్పుడు ఎంత భయంకరమైనదంటే, 1958లో ఇంగ్లండులో వేసిన లెక్క ప్రకారం జబ్బు తెలిసినాక సగటున ఐదు నెలలు బతికేవారు. తరువాత అమెరికాలో డాక్టర్ ఆంథొనీ ఫౌచీ, కరోనా రోజుల్లో టీవీలో అందరమూ చూసిన ఆ పెద్దాయనే, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్‌తో పాటు సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి చూసిన బృందంలో ముఖ్యులు. 1983లో వారు ప్రకటించిన 85 మందిలో 79 మందికి జబ్బు పూర్తిగా అణిగింది. 2010 నుండి రిటుక్సిమాబ్ అనే సూది కూడా అంత బాగా పని చేస్తుందని తేలింది. అణగడం వేరు, వేరుతో పోవడం వేరు. మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు.

ముఖ్యమైన అవయవాలకు దెబ్బ లేని తేలిక రకంలో మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఈ మందు, దానితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ రెండింటి తయారీ వెనుక ఉన్నవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా పని చేసి 1948లో అక్కడే కన్నుమూసినారు. ఆయన ఊరివాళ్లకే ఈ బిళ్ల వాడకం తెలియకపోతే ఎట్లా అని మేము నవ్వుతూ చెబుతుంటాము, కాని ఇది నవ్వే సంగతి కాదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పుండ్లై, రక్త కణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మేము బిళ్లల అట్ట మీద "బుధవారం" అనో "శనివారం" అనో పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాము. ఆ అట్ట పారేసి బిళ్లలు డబ్బాలో పోసుకోవద్దు. గర్భం కోరుకునేవారు ఈ మందుకు, సైక్లోఫాస్ఫమైడ్‌కు ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

స్టెరాయిడ్ గురించి మాకు వచ్చే తగవులు ఇన్నీ అన్నీ కావు. ముఖం గుండ్రంగా వస్తుంది, షుగర్ పెరుగుతుంది, ఆకలి ఆగదు, నిజమే. పెళ్లిలో ఎవరో "ఎంత లావైనవే" అన్నారని ఒక చెల్లెమ్మ ఒక్కరోజులో బిళ్లలు మానేసి, మూడో రోజు వాంతులతో, బి.పి. పడిపోయి స్ట్రెచర్ మీద వచ్చింది. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించాలి, డాక్టరే తగ్గించాలి. ఉదయం తిన్న తరువాత వేసుకోవాలి. ఆవకాయ, అప్పడం, వడియాలు తగ్గించాలి. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోవద్దు.

మెడికల్ షాపులో "నొప్పులకు ఒకటి ఇవ్వు" అని కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి దెబ్బ తిన్న కిడ్నీని ఇంకా కుంగదీస్తాయి. పేరు లేని పొట్లాల చూర్ణాలలో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాటితో కీలు వాపు తగ్గుతుంది, మనిషి సంతోషిస్తారు, అసలు జబ్బు కనపడకుండా పోతుంది. అటువంటివి వాడి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. మేము కోప్పడము. కొంచెం కోప్పడతామేమో గాని వైద్యం మానము.

మూత్రం పట్టే విధానం

ఇంట్లో పచ్చడి సీసా, టానిక్ సీసా కడిగి తేవద్దు. డబ్బా మేమే ఇస్తాము. మొదట వచ్చే మూత్రం కొద్దిగా వదిలి, మధ్యలోది పట్టాలి. సగం డబ్బా చాలు. స్త్రీలు నెలసరిలో ఉంటే సిస్టర్‌కు ముందే చెప్పండి, లేకుంటే ఆ రక్తాన్ని కిడ్నీ రక్తమనుకునే ప్రమాదం ఉంది. వారం ఆగి మళ్లీ చూస్తాము. మూత్రంలో మంట ఉంటే అదీ చెప్పండి. డబ్బా మీద పేరు, ఓ.పి. నంబరు రాయించుకుని వెంటనే ల్యాబ్ కిటికీ దగ్గర ఇవ్వండి. ఇంటి దగ్గరే పట్టి తెస్తామని కొందరు అంటారు. ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో, ఎండలో రెండు గంటలు తిరిగిన మూత్రంలో కణాలు చెదిరిపోతాయి, అది పరీక్షకు పనికిరాదు. ఇక్కడికి వచ్చిన తరువాతే ఇవ్వండి. రాకపోతే గ్లాసెడు మంచినీళ్లు తాగి కూర్చోండి, మేము పిలుస్తాము.